ఆరో ప్రశ్న

"ఆ కాగితం దొరక్కపోతే నా పిల్లని ఇక్కడ వదిలేసి విమానం ఎక్కాలా, ఉమ్మ్ సనద్?"

సాహిరా ఇంకా కూర్చోనైనా లేదు. చేతిసంచి భుజం మీదే ఉంది, ఒక చెప్పు గుమ్మం బయటే ఉండిపోయింది. నేను గ్లాసులో టీ పోసి ఆమె ముందు పెట్టాను.

"ముందు కూర్చో తల్లీ. ఏ కాగితం? ఎప్పుడు పోయింది? ఏడుపు తర్వాత."

భయపడేవాళ్లను చూస్తే నాకు కోపం రాదు. ఉమ్మ్ సనద్ అంటే సనద్ వాళ్లమ్మ; ఆ సనద్, నా కొడుకు, నీళ్ల ట్యాంకరు నడుపుతాడు. వాడు రెండుసార్లు ఫోన్ ఎత్తకపోతే, మూడోసారి చేసేలోపు నేను ఆసుపత్రుల నంబర్లు వెతికి పెట్టుకుంటాను. పదో తరగతితో చదువాపేసిన నన్ను, అమ్మాన్‌లో కాగితాలు పోగొట్టుకున్నవాళ్లు వెతుక్కుంటూ రావడానికి కారణం ఆ భయమే. జరగరానివన్నీ ముందే ఊహించుకునేదాన్ని కాబట్టి, జరిగిందేమిటో నాకు తొందరగా తడుతుంది.

సాహిరా మోసుల్ మనిషి. యుద్ధంలో ఊరొదిలి ఇక్కడికి వచ్చి పదేళ్లయింది. భర్తకి ఎర్బిల్‌లో ఉద్యోగం. తండ్రి వదిలిపోయిన ఇల్లు అమ్మి, ఆ సొమ్ముతో సముద్రం మధ్యనున్న ఒక చిన్న దేశంలో ఫ్లాటు కొంటోంది. అక్కడ అంత సొమ్ము పెట్టినవాళ్లకి కుటుంబంతో సహా నివాస వీసా ఇస్తారు. ఫైలు సాహిరా పేరు మీదే ఉంది. అందులో భర్త, అత్తగారు, ఒక్కగానొక్క కూతురు హదీల్.

"పిల్లలకి పద్దెనిమిది నిండకముందే ఫైలు వెయ్యాలి. నిండితే వాళ్లు వేరే మనుషులంట, వాళ్ల పెట్టుబడి వాళ్లే పెట్టుకోవాలంట. గురువారం పొద్దున పదింటికి మాకు టైమిచ్చారు. శుక్రవారం హదీల్‌కి పద్దెనిమిది."

"ఇవాళ సోమవారం."

"ఈ పొద్దున రమ్జీగారి ఆఫీసులో ఫైలు తెరిస్తే దాని జనన పత్రం లేదు. జిరాక్సు ఉంది, అసలుది లేదు. గురువారం తప్పితే మళ్లీ రెండు నెలలకి గానీ టైమివ్వరు."

నేను టార్చిలైటు, కడుపునొప్పి మాత్రలు, బిస్కెట్ల పొట్లం సంచిలో వేసుకుని లేచాను.

*

రమ్జీ ఆఫీసు మూడో అంతస్తు. లిఫ్టు మధ్యలో ఆగిపోతే ఎవరు తీస్తారు? మెట్లెక్కాను. పదకొండుంబావుకి లోపలున్నాను.

రమ్జీ పెట్టుబడి వీసాల సలహాదారు. మెత్తగా మాట్లాడతాడు, పక్కవాళ్ల మాట వినడు. అతని పక్క కుర్చీలో, నేను చూడకూడదనుకున్న మనిషి కాళ్లు చాపుకుని కూర్చున్నాడు. అబూ ఫవ్వాజ్. పోలీసుశాఖలో దొంగ కాగితాల విభాగం నుంచి రిటైరై, ఇప్పుడు ఇలాంటి ఆఫీసులకి కాపలా కాస్తున్నాడు.

"ఓహో, ఉమ్మ్ సనద్! సంచిలో ఏం తెచ్చావీసారి? టార్చిలైటా, కడుపునొప్పి మాత్రలా?"

"రెండూ తెచ్చాను. నీకేది కావాలి?"

గుమాస్తా అమ్మాయి లుబ్నా నవ్వాపుకుని తల వంచుకుంది. అబూ ఫవ్వాజ్ నవ్వలేదు. కెమెరా బొమ్మలున్న కంప్యూటర్ తెర నా వైపు తిప్పాడు.

"నువ్వు మెట్లెక్కి ఆయాసపడేలోపు నేను కేసు తేల్చేశాను. చూడు. ఆదివారం సాయంత్రం నాలుగింటికి కుటుంబమంతా వచ్చింది. అయిదింటికి వెళ్లిపోయింది. అయిదూ పన్నెండుకి పిల్ల ఒక్కతే వెనక్కొచ్చింది. అయిదూ పదహారుకి బయటికి పోయింది. నాలుగు నిమిషాలు!"

"ఎందుకొచ్చిందట?"

"నాయనమ్మ కళ్లజోడు మర్చిపోయిందట."

"పోయేటప్పుడు చేతిలో ఏముంది?"

"కళ్లజోడే."

"మరి నిజమే చెప్పిందిగా."

"కాగితం కోసం వచ్చినవాళ్లు కళ్లజోడు కూడా తీసుకెళ్తారమ్మా. ఆ పిల్లకి ఇక్కడ స్నేహితులున్నారు, స్కూలుంది. వెళ్లడం ఇష్టం లేదు. ఆ వయసులో మా మేనకోడలు ఏకంగా పాస్‌పోర్టే కాల్చేసింది."

సాహిరా ముఖం పాలిపోయింది. నేను లుబ్నా వైపు తిరిగాను. ఇక్కడి ఆడపిల్లలందరికీ నేను ఖాలానే, అంటే పిన్నినే.

"ఫైలుకి సీలు ఎన్నింటికి వేశావమ్మా?"

"అయిదూ అయిదుకి, ఖాలా. పుస్తకంలో రాశాను. బీరువాలో పెట్టి తాళం వేశాను. తాళంచెవి నా మెడలోనే ఉంది. ఈ పొద్దున తొమ్మిదీ ఇరవైకి తీస్తే సీలు అలాగే ఉంది."

"పిల్ల వచ్చింది అయిదూ పన్నెండుకి. అప్పటికి ఏడు నిమిషాలుగా ఫైలు బీరువాలో ఉంది. అబూ ఫవ్వాజ్, నీ కెమెరా హాల్లో ఉంది. బీరువా లోపలి గదిలో ఉంది. ఆ పిల్ల తాళం ఊదితే తెరుచుకుంటుందా?"

అతను మీసం దువ్వుకున్నాడు. "అయితే సీలుకి ముందే తీసి ఉంటుంది. ఎలాగైనా ఆ పిల్లే. నాలుగింటికి నేను స్టేషన్లో ఫిర్యాదు ఇస్తున్నాను."

"పోలీసు పుస్తకంలో పేరెక్కిన పిల్లకి ఏ దేశం వీసా ఇస్తుంది?"

"అది నా లైసెన్సు సంగతి అమ్మా," అన్నాడు రమ్జీ, గొంతు పెంచకుండానే. "నా ఆఫీసులో అసలు కాగితం పోయింది. నేను చెప్పకుండా ఊరుకుంటే రేపు నన్నే దొంగంటారు. నాలుగింటి దాకా టైమిస్తున్నాను. అంతకంటే నా వల్ల కాదు."

చేతిలో ఇంకా నాలుగు గంటల నలభై నిమిషాలుంది. నేను ఫైలు అడిగాను.

పద్నాలుగు ప్లాస్టిక్ కవర్లు. సీలు వేసేముందు లుబ్నా కవర్లు లెక్కపెట్టింది గానీ కాగితాలు లెక్కపెట్టలేదు. ఏడో కవరులో జిరాక్సు మాత్రమే ఉంది. దాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్లాను. మిగతా కాగితాలన్నీ చదునుగా ఉన్నాయి. జనన పత్రం మీది మడతలు మాత్రం జిరాక్సులో కూడా నల్లగీతల్లా పడ్డాయి. ఎనిమిది మడతలు. అరచేతిలో పట్టేంత చిన్నగా మడిచి, ఏళ్ల తరబడి ఎక్కడో దాచిన కాగితం అది. పాస్‌పోర్టుల పెట్టెలో పెట్టుకునేవాళ్లు అలా మడవరు.

కవరు బోర్లించి తట్టాను. గోధుమరంగు పలుకు ఒకటి అరచేతిలో పడింది. వాసన చూశాను. లవంగం మొగ్గ.

"వంటింటి సామాన్లు దొరికాయా?" అన్నాడు అబూ ఫవ్వాజ్.

"దొరికాయి. నువ్వు రాత్రికి అన్నం వండుకోవచ్చు."

తర్వాత దరఖాస్తు చూశాను. సాహిరా తన చేత్తో నింపినది. పంతొమ్మిదో గడి దగ్గర ఆగిపోయాను. 'మీకు పుట్టిన పిల్లలెందరు? బతికున్నవారు, లేనివారు అందరినీ రాయండి.' అక్కడ 'ఒకటి' అని ఉంది. దాని కింద, దిద్దిన తెల్లరంగు పొర కింద, వెలుతురుకి పట్టుకుంటే కనిపించింది. ముందు 'రెండు' అని రాశారు.

ఆ పేజీ తిప్పేశాను. సాహిరా వైపు కూడా చూడలేదు. ఇద్దరు మగాళ్ల ముందు అడిగే ప్రశ్న కాదది.

"రమ్జీగారూ, నిన్న నాలుగింటినుంచి అయిదింటిదాకా ఏం చేశారు?"

"ప్రశ్నలు అమ్మా. ఫైలు వేసే ముందు అందరినీ కూర్చోబెట్టి ప్రశ్నలడగమంటాను. రోజుకి నాలుగు కుటుంబాలు, ఎవరైనా అవే అడుగుతారు. నాకు నిద్రలో కూడా జవాబులొస్తాయి. లుబ్నా రాసిపెడుతుంది, రేపు మీరు చెప్పలేదు అనకుండా."

లుబ్నా ఆ కాగితం ఇచ్చింది. గుండ్రటి అక్షరాలు, పక్కనే టైము, అడిగినవాళ్ల పేరు.

ఏడాదికి ఎన్ని రోజులు అక్కడ ఉండాలి? సాహిరా. ఫ్లాటు అద్దెకివ్వొచ్చా? సాహిరా. వీసా రాకపోతే సొమ్ము వెనక్కి వస్తుందా? సాహిరా, రెండుసార్లు. అత్తగారిని తీసుకెళ్లడానికి ఆమె మా మీదే ఆధారపడిందని ఏం చూపించాలి? మళ్లీ సాహిరానే. అక్కడి స్కూల్లో అరబిక్ చెబుతారా? హదీల్. ఆరోది, నాలుగూ ముప్పై ఎనిమిదికి: 'అసలు కాగితాలు తిరిగి ఇస్తారా?' పక్కన పేరు లేదు.

"ఇదెవరడిగారు?"

రమ్జీ గుర్తు చేసుకోబోయి మానేశాడు. లుబ్నా చెప్పింది. "ముసలావిడ, ఖాలా. గంటసేపట్లో ఆమె మాట్లాడింది అదొక్కటే. నాకు పేరు తెలియక రాయలేదు."

"మీరేం చెప్పారు?"

"ఉన్నదే చెప్పాను. జనన పత్రాలు వాళ్లే ఉంచుకుంటారు, తిరిగి రావు అన్నాను. అందరూ ఊఁ అంటారు, ఆవిడా ఊఁ అంది."

"ఆ తర్వాత?"

"ఫ్లాటు ఫొటోలు చూపించాను. ఆ గోడ మీద తెర ఉంది కదా, అందరూ లేచి అక్కడికి వెళ్లారు." లుబ్నా ఆగింది. "ముసలావిడ లేవలేదు. మోకాళ్లు నొప్పులంది."

బల్ల, బల్ల మీద పరిచిన కాగితాలు, దాని ముందు ఒక్కతే కూర్చున్న మనిషి. అబూ ఫవ్వాజ్ కూడా విన్నాడు. అతని కళ్లు చిన్నవయ్యాయి.

"ముసలావిడకి జనన పత్రంతో పనేంటి?" అన్నాడు మెల్లగా. "ఆ కాగితంలో ఏదో ఉంది, ఉమ్మ్ సనద్. దొంగ కాగితం వాసన నాకు తెలుసు. ముప్పై ఏళ్లు అదే తిన్నాను. నాలుగింటికి రెండు ఫిర్యాదులిస్తాను, దొంగతనానికొకటి, దొంగ కాగితానికొకటి."

అతను మొరటు మనిషే కానీ మూర్ఖుడు కాదు.

*

సాహిరా ఇంటికి వచ్చేసరికి ఒకటీ నలభై. హదీల్ తలుపు తీసింది. సన్నగా, పొట్టిగా ఉంది, స్వెట్టరు చేతులు వేళ్ల దాకా లాక్కుంది.

"నేను తియ్యలేదు ఖాలా," అంది నేను కూర్చోకముందే.

"తెలుసమ్మా."

దానికి ఆ మాట చాలింది, కళ్లలో నీళ్లు తిరిగాయి. టీ పెడతానని వెళ్లి, యాలకులు దంచి, ముగ్గురికీ తెచ్చింది. గోడమీద స్కూలు ఫొటో ఒకటి వేలాడుతోంది.

"ఇది నువ్వేనా?"

"అమ్మాన్ వచ్చాక మొదటి తరగతి. యుద్ధం వల్ల లేటయింది కదా, అప్పటికే నాకు ఎనిమిది దాటింది. అయినా క్లాసందరిలోకీ నేనే పొట్టి! 'అర టికెట్టు' అనేవాళ్లు. ఏడ్చుకుంటూ వస్తే బీబీ ఖర్జూరాలు పెట్టేది, ఎదుగుతావులే అని." మోసుల్ వాళ్లు నాయనమ్మని బీబీ అంటారు.

ఫొటోలో పిల్ల నోరంతా తెరిచి నవ్వుతోంది. కింది పళ్లు రెండూ అప్పుడే ఊడాయి, చిగురు ఇంకా ఎర్రగా ఉంది. ఎనిమిది దాటిన పిల్లకి కింది పళ్లు ఊడడమేమిటి? మా సనద్‌కి ఆరున్నరకి ఊడాయి. వాడు మింగేశాడేమోనని రెండు రోజులు అన్నం తినలేదు నేను. పిల్లలందరికీ ఒకేలా ఉండదు, నిజమే. కానీ ఈ ఫొటో, ఆ తెల్లరంగు కింద 'రెండు', ఎనిమిది మడతలు, లవంగం. నాలుగూ ఒకవైపే చూపిస్తున్నాయి.

"హదీల్, కాస్త బయటి గదిలో కూర్చోమ్మా."

సాహిరా చెయ్యి పట్టుకుని బీబీ గదిలోకి తీసుకెళ్లి తలుపు దగ్గరికి వేశాను. బీబీ మంచం అంచున కూర్చుని ఉంది. ఒళ్లంతా కప్పే నల్ల అబాయా, చిన్న మనిషి, చేతులు ఒళ్లో పెట్టుకుంది. గదంతా లవంగాల వాసన.

"సాహిరా, నీకు ఎంతమంది పుట్టారు తల్లీ?"

"ఒక్క..." మాట అక్కడే ఆగిపోయింది.

"పంతొమ్మిదో గడిలో నీ చెయ్యి ముందు నిజమే రాసింది. నేనెవరికీ చెప్పను. కానీ అబూ ఫవ్వాజ్‌కి వాసన తగిలింది. నాలుగింటికి ముందు నాకంతా తెలియాలి."

ఆమె నేలమీదే కూర్చుంది. తలుపవతల ఉన్న కూతురికి వినబడకూడదని గొంతు నొక్కి చెప్పింది.

"పెద్దదాని పేరూ హదీలే. పదకొండు నెలలు బతికింది. జ్వరం. అప్పుడు ఊళ్లో ఆఫీసులేవీ తియ్యడం లేదు, చనిపోయిందని రాయించలేదు. తర్వాత పది నెలలకి ఇది పుట్టింది. మా మామగారు అన్నారు, ఆడపిల్లే, పేరూ అదే పెట్టుకుందాం, కాగితం ఉండనే ఉంది, రోడ్డు మీద కాల్పులు జరుగుతుంటే ఇంకో కాగితం కోసం ఎవరు పోతారు అని. మా వీధిలో ఇంకో ఇద్దరు అలాగే చేశారు. అప్పుడు అది తప్పనిపించలేదు. తర్వాత ఆ కాగితం మీదే పాస్‌పోర్టు, స్కూలు, అన్నీ వచ్చేశాయి. రమ్జీగారు మొదటి రోజే అన్నారు, ఒక్క తారీఖు తేడా వచ్చినా కుటుంబం మొత్తానికి తలుపు మూసేస్తారని. ఇంకేం చెప్పను?"

"ఇప్పుడు ఈ పిల్లకి ఎంత?"

"పదహారు."

నాకు ఒక్కసారిగా ఊపిరాడింది. పిచ్చితల్లి! మూడు రోజులే ఉన్నాయని చచ్చిపోతోంది, చేతిలో దగ్గర దగ్గర రెండేళ్లున్నాయి.

"గురువారం ఆ కాగితం పెట్టి ఉంటే ఏమయ్యేదో తెలుసా? ఇవాళ కాకపోతే మూడేళ్లకి, పౌరసత్వం అడిగినప్పుడు, ఎవడో అబూ ఫవ్వాజ్ లాంటివాడు పట్టుకునేవాడు. పరాయి దేశంలో, అంతా అమ్ముకుని పోయాక. ఇప్పుడైతే మీ రాయబార కార్యాలయంలో సరిచేయించుకోవచ్చు. కష్టమే, నెలలు పడుతుంది, లాయరు కావాలి. కానీ ఉన్నది చెప్పి అడిగేవాళ్లకి దారి ఉంటుంది. పెద్దది పోయినట్టు రుజువొకటి కావాలి. ఏదైనా ఉందా?"

సాహిరా తల అడ్డంగా ఊపింది. నేను బీబీ ముందు మోకాళ్ల మీద కూర్చున్నాను.

"అమ్మా, తిరిగి ఇవ్వరని విన్నారు కదా నిన్న? పోయిన పిల్లకి ఈ లోకంలో ఉన్నది ఆ ఒక్క కాగితమే."

బీబీ నన్ను చూసింది. దిండు కిందికి చెయ్యి పోనిచ్చి తెల్లబట్ట మూట ఒకటి తీసి ఒళ్లో పెట్టుకుంది. ముడి విప్పడానికి వేళ్లు సహకరించలేదు. సాహిరా లేచి వచ్చి విప్పింది. అత్తాకోడళ్ల చేతులు ఆ ముడి మీద కలిశాయి.

లోపల పసుపుపచ్చ ఊలు చొక్కా, నా అరచేతికంటే కొంచెం పెద్దది. పురుగు పట్టకుండా మడతల మధ్య లవంగాలు. ఎనిమిది మడతల జనన పత్రం. దాని కింద, సాహిరా కూడా ఎన్నడూ చూడని ఆసుపత్రి చీటీ ఒకటి. మోసుల్ ఆసుపత్రి ముద్ర, డాక్టరు సంతకం, ఏప్రిల్ ఇరవైమూడు, హదీల్, పదకొండు నెలలు, మరణించినది.

సాహిరా ఆ చీటీని రెండు చేతుల్తో పట్టుకుంది. చాలాసేపు చదివింది. ఉన్నవి నాలుగు లైన్లే.

మూడూ ఇరవైకి ఆమే ఫోన్ తీసింది. నేను చేస్తానన్నా ఇవ్వలేదు.

"రమ్జీగారూ, సాహిరాని. నా కాగితం ఎవరూ దొంగిలించలేదు. మా ఇంటివాళ్లే వెనక్కి తీసుకున్నారు, అది మాది. గురువారం మేం రావడం లేదు, ఫైలు వాపసు తీసుకుంటున్నాను. రాతపూర్వకంగా కావాలంటే గంటలో తెచ్చిస్తాను... లేదండీ, మనసు మార్చుకోలేదు. ఉన్నది ఉన్నట్టు రాసుకుని మళ్లీ వస్తాను."

అవతల గొంతు మారింది. సాహిరా ఫోన్ నాకిచ్చింది.

"తెలివైనదానివే," అన్నాడు అబూ ఫవ్వాజ్. "వెయ్యని ఫైలు మీద ఏమని ఫిర్యాదివ్వను? కానీ నేను మర్చిపోయే రకం కాదు, ఉమ్మ్ సనద్. ఈసారి వచ్చినప్పుడు ప్రతి మడతా చూస్తాను."

"చూడు. టార్చిలైటు నేనిస్తాను."

ఫోన్ పెట్టేసి తల తిప్పాను. తలుపు తెరిచి ఉంది.

హదీల్ గుమ్మంలో నిలబడి ఉంది. ఎంతసేపటినుంచో తెలియదు. ఖాళీ గ్లాసుల పళ్లెం చేతిలో ఉంది, గ్లాసులు ఒకదానికొకటి తగిలి సన్నగా మోగుతున్నాయి. సాహిరా లేవబోయింది. పిల్ల తల్లివైపు చూడలేదు. ఆ పసుపు చొక్కాని చూసింది, తర్వాత నాయనమ్మని చూసింది.

"బీబీ, అది నా కాగితం కాదా?"

బీబీ పెదవులు కదిలాయి.

"మరి నేనెప్పుడు పుట్టాను?"

అన్ని దరఖాస్తుల్లోనూ మొదటి గడి అదే. కిందెక్కడో గ్యాసు సిలిండర్లమ్మే బండి పాట వినిపించి దూరమైంది. నాకు అలవాటైన భయమే వేసింది. చెప్పకుండానే బీబీకి ఏమైనా అవుతుందేమో, పిల్ల పళ్లెం పడేసి పరుగెత్తిపోతుందేమో. సాహిరా చెయ్యి నా చేతిని వెతికి పట్టుకుంది. గోడ గడియారంలో పెద్దముల్లు ఒక గీత, ఇంకో గీత దాటింది. పళ్లెంలో గ్లాసుల మోత ఆగలేదు.

అప్పుడు బీబీ ఆ చిన్న చొక్కాని మోకాలి మీద పరిచి, ముడత సరిచేసి, చెప్పింది.

"ఫిబ్రవరి పంతొమ్మిది. పొద్దున. ఆ ఏడు ఉరుములు ఎక్కువ, ఎడారినిండా పుట్టగొడుగుల్లాంటి నేలగడ్డలు లేచాయి. మీ తాత బుట్టెడు తెచ్చి పోశాడు. నేను వాటిని కడుగుతూ ఉన్నాను, చేతులు మట్టిగా ఉండగానే నిన్ను తెచ్చి నా చేతుల్లో పెట్టారు. నీ నుదుటి మీద నా బొటనవేలి మట్టి అంటింది. మీ అమ్మ అప్పటికి పది నెలలుగా నవ్వలేదు, అది చూసి నవ్వింది. నీకింకా పదహారే, నా బంగారం. నిన్నొదిలి ఎవరూ ఏ విమానమూ ఎక్కరు. ఆ పళ్లెం అక్కడ పెట్టి ఇలా వచ్చి కూర్చో. మీ అక్కని చూపిస్తాను."